సువైక్ నిమ్మకాయలు

మత్రా, 1976

మే 3, సోమవారం

నా సర్వేయరు లైసెన్సు గడువు జూన్ నెలాఖరుతో తీరుతుంది. రెన్యూవల్ ఫారం ఇవాళ ఢిల్లీ నుంచి వచ్చింది. పెద్ద పని కాదు.

గడువులోగా తిరిగి చేరాలి, అంతే. దాటితే మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి. కొత్తవాళ్లకు ఇప్పుడు డిగ్రీ ఉండాలట. నేను మొదట కాకినాడ రేవులో బస్తాలు లెక్కపెట్టే గుమాస్తాగా ఉండేవాణ్ణి. పాత పుస్తకాలు కొనుక్కుని, చదువుకుని, ఇన్సూరెన్సు సర్వేయరునయ్యాను. అప్పట్లో ఆ పని చేస్తూ ఉన్నవాళ్లకు డిగ్రీ అడగకుండా ఇచ్చారు కాబట్టి నాకూ వచ్చింది. అలా రెండోసారి రాదు. లైసెన్సు లేనివాడు నష్టం ఇంత అని రాస్తే బొంబాయి కంపెనీ ఆ క్లెయిము చెల్లించదు. అంటే నేను మళ్లీ గుమాస్తానే.

అంతదాకా రాదు. బోలెడు టైముంది.

మే 4

ఫారంలో నేను నింపవలసినవన్నీ నింపాను. మిగిలింది మేనేజరు సంతకం. 'ఇతని పనిపై ఎవరి నుంచీ ఫిర్యాదు లేదు' అన్నచోట పెట్టాలి. నాగేంద్రప్రసాద్ గారు హైదరాబాదు నుంచి రాగానే పెట్టేస్తారు.

మే 7, శుక్రవారం

సెలవు. సువైక్ కేసు రిపోర్టు ఇంట్లో కూర్చుని టైపు చేశాను.

ఆ ఊళ్లో ఖల్ఫాన్ అనే ముసలి వ్యాపారిది. ఏప్రిల్‌లో ఆయన సరుకు పాక కాలిపోయింది. ఖర్జూరపు మట్టలతో వేసిన పాక, పైన సముద్రపు గాలి, ఇంకేం మిగులుతుంది? లోపల ఖర్జూరాలు, ఎండు నిమ్మకాయలు. ఖర్జూరం కాలితే నల్ల ఇటుకలా గడ్డకట్టి మిగులుతుంది, లెక్క తేలిక. నిమ్మకాయ మిగలదు. సగం పాక నిమ్మకాయలే అని ఆయన అంటాడు. అనడానికేం, ఎవరైనా అంటారు.

మా ఆవిడ సూర్యకుమారి పిండి జల్లెడ పట్టుకుపోయి బూడిద జల్లించాను. మాడిన నిమ్మగింజలు. ఒకచోటా రెండుచోట్లా కాదు, పాకలో సగం మేర, గుంజ నుంచి గుంజ దాకా, పాదం దిగేంత మందంగా. ముసలాయన చెప్పింది నిజం. క్లెయిము పూర్తిగా ఇవ్వదగినదని రాశాను.

సువైక్ వాలీ, అంటే ఆ ఊరి ప్రభుత్వాధికారి, ఆఫీసు నుంచి అగ్నిప్రమాదం జరిగినట్టు కాగితం రావాలి. అది వచ్చాక సంతకం పెడతాను. అందాకా రిపోర్టు సొరుగులో ఉంటుంది. అందులో ఏముందో పార్టీకీ చెప్పను, మేనేజరుకీ చెప్పను. అది నా పద్ధతి. క్లెయిము పెట్టినవాళ్ల ఇంట మంచినీళ్లు కూడా ముట్టను. అదీ నా పద్ధతే. ఈ అరబ్బు దేశం వచ్చిన దగ్గర్నుంచీ ఈ బాతినా తీరం పొడుగునా తిరుగుతున్నాను, అందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే ఆ గౌరవం.

జల్లెడకు బూడిద వాసన పోవడం లేదని సూర్యకుమారి కొత్తది కొనమంది. కొన్నాను.

మే 15, శనివారం

నాగేంద్రప్రసాద్ గారు వచ్చారు. ఫారం ముందు పెట్టాను. పెన్ను తీశారు. మూత పెట్టేశారు.

"ఏమండీ కామేశ్వరరావు గారూ, ఆ సువైక్ ముసలాయన్ని ఏం అడిగారు?"

"ఏమీ అడగలేదండీ."

"అదే ఆయన కంప్లైంటు."

నాకు అర్థం కాలేదు. ఖల్ఫాన్ మొన్న స్వయంగా ఆఫీసుకు వచ్చాడట. నేను సైటుకు పోయిన వేళ వచ్చి ఇదే కుర్చీలో కూర్చున్నాడట. మేనేజరు గారు ఆయన చెప్పింది చెప్పినట్టు నాకు వినిపించారు.

"మీ మనిషి మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ నా ఖావా ముట్టకుండా కింద పెట్టేశాడు. ఏం కావాలో చెప్పమనండి. ఉంటే ఇస్తాను, లేకపోతే లేదంటాను. నోరు విప్పకుండా నా క్లెయిము మీద కూర్చుంటే నేనేమనుకోవాలి, అన్నాడండీ."

ఇక్కడివాళ్లలో అతిథి కాఫీ కప్పు తాగకుండా కింద పెడితే, మనసులో ఏదో కోరిక పెట్టుకుని వచ్చినట్టట. ఇంటాయన 'నీ పని అయినట్టే, తాగు' అనాలట. అప్పుడు గానీ తాగడట.

"నేను లంచం అడిగానంటాడా?"

"అబ్బే, అడగడం లేదనే కదా ఆయన బాధ!"

నవ్వారు. నేను నవ్వలేదు. ఆయనా ఆపేశారు.

"చూడండి, మీ సంగతి నాకు తెలియదా? కానీ ఒక మనిషి నా ఎదుట కూర్చుని చెప్పి పోయాక, ఫిర్యాదు లేదని ఎలా సంతకం పెట్టను? రేపు బయటపడితే ఇద్దరం పోతాం. ఆయన్నొచ్చి వెనక్కి తీసుకోమనండి. మరుక్షణం పెడతాను."

ఆయన అన్నది సబబే.

మే 16

పెద్ద విషయం కాదు. కేవలం అపార్థం.

మే 18

ఒక సంగతి అంతుపట్టలేదు. ఇన్నేళ్లలో ఎంతమంది ఇళ్లలో కప్పు కింద పెట్టి ఉంటాను? ఎవరూ ఫిర్యాదు చేయలేదేం? ఈయనొక్కడే చాదస్తుడేమో.

మే 20, గురువారం

భీమన్న జగిత్యాల నుంచి వచ్చాడు. రెండు నెలల సెలవు ముగిసింది. ఆఫీసు జీపు మళ్లీ వాడి చేతికి వచ్చింది. అరబ్బీ నాకు అంతంతమాత్రం, వాడికి నీళ్లప్రాయం. సువైక్ కేసుకు మాత్రం వాడు లేడు. బదులు వచ్చిన మలయాళీ డ్రైవరు జీపు దిగేవాడే కాదు.

కాఫీ సంగతి చెప్పాను. వాడు స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు.

"గంతే అయితది సారూ. నేనుంటె కాకపోవు."

"నువ్వుంటే ఏం చేసేవాడివి?"

"నేను ప్రతి ఇంట్ల చెప్పుకుంటనే వస్తున్న గద. మా సారుకు కడుపుల పుండున్నది, కావా తాగద్దని డాక్టర్ చెప్పిండు అని. పాపం అంటరు వాళ్లు. మీ కప్పు గూడ నాకే ఇస్తరు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి దినం నుంచే సారూ. మీరు కప్పు ముట్టకపోతె వాళ్ల మొఖాలు ఎట్లయితయో మీరు చూడరు. మీరు కాయితాలల్లనే ఉంటరు. మల్ల నాతోని ఒట్టిగ లొల్లెందుకని మీకు చెప్పలె."

బర్కా రాగానే ఒకటి గుర్తొచ్చింది. ఆ ఊరి చేపల కొట్టువాడు మొన్నొకసారి నన్ను చూసి పొట్ట మీద చేయి పెట్టుకుని తల వంచాడు. సలాము అనుకున్నాను.

మే 21

సూర్యకుమారికి చెప్పాను. అది చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"పాపం ముసలాయన, మీరేదో అడుగుతారని కాచుకు కూర్చున్నాడన్నమాట. కొత్తకాపురంలో నేనూ అంతేగా! కూర ఎలా ఉందో చెబుతారని ఇప్పటికీ చూస్తున్నా."

కూర బాగానే ఉంటుంది. ఆ మాట దానికి తెలుసనే అనుకుంటాను.

మే 25

వాలీ ఆఫీసు కాగితం వచ్చింది. ఇక రిపోర్టు మీద సంతకం పెట్టడమే.

పెట్టలేదు. ఇప్పుడు 'పూర్తిగా ఇవ్వండి' అని నేను రాసి, ఆ వెంటనే ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే చూసేవాళ్లు ఏమంటారు? ముందు ఆయన వెనక్కి తీసుకుని, తర్వాత నేను రాసినా అదే మాట. ఎటు తిప్పినా ఇచ్చిపుచ్చుకున్నట్టే కనిపిస్తుంది. వేరే సర్వేయరు చేసి ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

మే 29

దారి దొరికింది. తేలికైనదే, ముందే తట్టవలసింది. కేసు నుంచి నేను తప్పుకుంటాను. దుబాయి నుంచి వేరే సర్వేయరు వస్తాడు. కేసు నాది కానప్పుడు ముసలాయన్ని కలిసి మాట్లాడితే తప్పేముంది? నా రిపోర్టు ఎవరికీ ఇవ్వలేదు కాబట్టి అది లేనట్టే.

మేనేజరు గారికి చెప్పాను. "భేషుగ్గా ఉంది" అన్నారు.

సూర్యకుమారి అడిగింది, "మరి మీరు చూసిన గింజల మాటేమిటి?"

"కొత్తాయనా చూస్తాడు. ఏ సర్వేయరు చూసినా అదే తేలుతుంది."

"ఆయన జల్లెడ తెచ్చుకుంటాడా?"

కుళాయికి నీళ్లు వచ్చిన చప్పుడైంది. బిందెలు పట్టడానికి లేచాను.

జూన్ 3, గురువారం

సువైక్ వెళ్లి వచ్చాను. పని అయింది.

పొద్దున్నే బయలుదేరాం. ఖురం కొండ దాటేసరికే వేడిగాలి మొదలైంది. ఖల్ఫాన్ ఇల్లు తోటలోనే. చాప మీద కూర్చోబెట్టి ఖర్జూరాలు ముందుకు తోశాడు. బొంబాయిలో చాలాకాలం వ్యాపారం చేసిన మనిషి, హిందుస్తానీ నాకంటే బాగా మాట్లాడతాడు.

నేను చెప్పదలచుకున్నది జీపులో వల్లె వేసుకుని వచ్చాను. క్లెయిము పెట్టినవారి ఇంట ఏమీ తీసుకోకపోవడం నా నియమమనీ, అది మర్యాద తప్పడం కాదనీ. చెప్పాను.

ఆయన అంతా విన్నాడు.

"అయితే నీకు ఏమీ అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"ఏమీ అక్కర్లేనివాడు కాఫీ తాగుతాడయ్యా! అక్కర ఉన్నవాడే మానేస్తాడు. నువ్వు మూడోసారి కూడా కప్పు పెట్టేసి పోయాక మా ఇంట్లో నిద్ర లేదు. మా ఒంటెనడుగుతాడా, తోటనడుగుతాడా అని. మా ఆవిడ అయితే మా పిల్ల సఫియాను పినతల్లి ఇంటికి పంపేసింది."

భీమన్న గొంతులో ఖర్జూరం అడ్డుపడింది. లోపలి గదిలోంచి ఆయన భార్య జైనబ్ అరబ్బీలో ఏదో గట్టిగా అంది. ఆడవాళ్లు కొందరు కిసుక్కున నవ్వారు.

"ఏమంటున్నారు?" అన్నాను.

"కడుపుల పుండు మానిందా అని అడుగుతున్నది సారూ," అన్నాడు భీమన్న. "వచ్చుడు వచ్చుడే నేను చెప్పిన. ఎందుకన్న మంచిదని."

ఆ కేసు ఇక నేను చూడటం లేదని ఖల్ఫాన్‌తో చెప్పాను. లైసెన్సు సంగతి కూడా చెప్పాను. మామూలుగా నా విషయాలు ఎవరికీ చెప్పను. ఫిర్యాదు వెనక్కి తీసుకోమని అడిగాను. నోటితో అడిగాను.

"ఇదా! ఇది ముందే అడగరాదూ?" అన్నాడు. "నీ పని అయినట్టే. తాగు."

తాగాను. యాలకుల ఘాటు. కప్పు ఊపితే చాలన్నట్టని తెలియక ఊరుకుంటే, ఆయన పోస్తూనే ఉన్నాడు.

వస్తుంటే పాక ఉన్న చోటు చూపించాడు. బూడిద ఎత్తి తోటకు చల్లించేశాడు. నేల ఊడ్చి, నీళ్లు చల్లి, కొత్త పాకకు గుంజలు పాతించాడు. కొత్త పంట రాకముందే పైకప్పు పడాలట.

"వచ్చేవాడు ఇక్కడేం చూస్తాడు?" అన్నాడు.

"అతనూ సర్వేయరేనండీ," అన్నాను. "ఏ సర్వేయరు చూసినా అదే తేలుతుంది."

జూన్ 6

ఖల్ఫాన్ ఆఫీసుకు వచ్చి, "అపార్థం తీరింది, ఆ మనిషి మంచివాడు" అన్నాడట. మేనేజరు గారు సంతకం పెట్టారు. బొంబాయి వెళ్తున్న బ్యాంకు ఉద్యోగి చేతికి ఫారం ఇచ్చాను, అక్కడ రిజిస్టర్డు పోస్టులో వేస్తాడు.

తలబరువు దిగింది.

జూన్ 14

దుబాయి సర్వేయరు వచ్చాడు. పేరు దేవదాసు, బాపట్లవాడు. ఇంజనీరు, కుర్రవాడే. వినయం ఉంది. సూర్యకుమారి చేతి పప్పుచారు మూడుసార్లు పోయించుకుని బాగుందని ఆవిడతోనే చెప్పాడు.

కేసు గురించి నన్ను ఏమీ అడగలేదు. అడగకూడదు కూడా. నేను చెప్పలేదు. చెప్పకూడదు.

జూన్ 17

దేవదాసు సువైక్ నుంచి తిరిగివచ్చాడు. దుబాయి తిరిగి పోయేముందు ఆఫీసులో తనంతట తనే అన్నాడు.

"ఖర్జూరం గడ్డలు పక్కకు పేర్చి ఉంచారండి, వాటికి ఇమ్మని రాశాను. నిమ్మకాయలకు మాత్రం ఆనవాలే లేదు. కనపడనిది ఉందని ఎలా రాస్తానండి?"

"రాయకూడదు," అన్నాను.

నేనైనా అదే రాసేవాణ్ణి.

జూన్ 18, శుక్రవారం

రాసేవాణ్ణి కాదు. నేను చూశాను.

జూన్ 19

అయినా నియమం ప్రకారం నేను చేసిందంతా సరైనదే. ఎక్కడా తప్పు లేదు. మొదటి నుంచి మళ్లీ ఆలోచించుకుంటే కూడా లేదు.

జూన్ 30, బుధవారం

గడువు ఇవాళ్టితో సరి. ఢిల్లీ నుంచి ఏమీ రాలేదు. ఫారం ముందే చేరి ఉంటుంది కాబట్టి దిగులు లేదు. రేపటి నుంచి లైసెన్సు చేతికి వచ్చేదాకా సర్వేలకు వెళ్లనని మేనేజరు గారితో అన్నాను. పాత ఫైళ్లకు దారాలు కట్టుకుంటాను.

జూలై 5

ఫైళ్లు.

జూలై 14, బుధవారం

వచ్చింది! తేదీ జూన్‌లోదే. మళ్లీ ఐదేళ్లు. కొత్త నంబరు ఇచ్చారు.

నాగేంద్రప్రసాద్ గారు ఆఫీసంతటికీ హల్వా తెప్పించారు. "ఇక మిమ్మల్ని కదిలించేవాళ్లు లేరు" అని వీపు తట్టారు. భీమన్న రెండు పొట్లాలు తీసుకున్నాడు. ఇంటికొచ్చి సూర్యకుమారికి ఇస్తే కళ్లకద్దుకుని దేవుడి దగ్గర పెట్టింది. నేను తీసి చూసుకుని మళ్లీ అక్కడే పెట్టాను. ఇలా రెండు మూడుసార్లు అయింది.

నాకు ముందే తెలుసు, వస్తుందని.

జూలై 17, శనివారం

ఖల్ఫాన్ వచ్చాడు. దేవదాసు తేల్చినంత తీసుకుని, 'ఇక ఏమీ రావలసింది లేదు' అన్న కాగితం మీద వేలిముద్ర వేయడానికి. క్లెయిములో సగానికి కొంచెం తక్కువే.

వరండాలో నన్ను చూసి లేచి వచ్చి, ఇక్కడి ఆప్తుల పద్ధతిలో ముక్కుకు ముక్కు తాకించాడు. నలుగురూ చూస్తున్నారు.

"లైసెన్సు వచ్చిందట! మేనేజరు చెప్పాడు. మంచిది, మంచిది. మా ఆవిడ నీ కడుపు కోసం కొండ తేనె పంపింది."

"కొత్త పాక అయిందా?" అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు.

"అయింది. సగం ఖాళీ. నిమ్మకాయలు ఇచ్చినవాళ్లకు బాకీ ఉన్నాను కదా, వాళ్లు ఈ ఏడు అరువివ్వడం లేదు." కోపంగా అనలేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అన్నాడు. "ఆ దుబాయి అబ్బాయి కూడా మంచివాడే. ఖావా ఎంత పోస్తే అంత తాగాడు. నిమ్మకాయలు మాత్రం కనపడలేదన్నాడు. ఉన్నవి చూసినవాడివి నువ్వొక్కడివే. నువ్వేమో తప్పుకుంటివి. దేవుడు రాసిందంతే."

మేనేజరు గారి గుమాస్తా తన పనిలో ఉన్నాడు. ఖల్ఫాన్‌ను ఆ కాగితం మీద వేలు వేయవద్దనీ, రేపు రమ్మనీ చెప్పాను. ఎందుకని అడగలేదు. అడుగుతాడనుకున్నాను.

తేనె వద్దన్నాను. ఈసారి ఎందుకు వద్దంటున్నానో చెప్పి వద్దన్నాను. "అయితే నీకు మళ్లీ నాతో పని పడిందన్నమాట" అని సీసా చంకన పెట్టుకుపోయాడు.

జూలై 18, ఆదివారం

సొరుగులోంచి రిపోర్టు తీసి మేనేజరు గారి బల్ల మీద పెట్టాను. చదివారు. తలుపు వేశారు.

"ఇది ఎప్పుడు రాశారు?"

"మే మొదట్లో. ఆయన ఇక్కడికి రాకముందే."

"ఇన్నాళ్లూ..." అని ఆగారు. "కామేశ్వరరావు గారూ, ఇది ఇస్తే ఏమవుతుందో తెలుసా? వాడు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు, వీడు రుణం తీర్చుకున్నాడు అంటారు. అనకపోతే ఆశ్చర్యం. బొంబాయివాళ్లు ఢిల్లీకి రాస్తారు. మొన్న వచ్చిన లైసెన్సు కాస్తా పోతుంది."

"తెలుసండీ."

"పోనీ ఒక పని చేయండి. మే తేదీ వేసి, పాత నంబరుతో సంతకం పెట్టండి. ఫైల్లో ఎక్కడో కలిసిపోయింది, ఇప్పుడు దొరికింది అని నేను రాస్తాను. మీరు రాసింది మేలోనే కదా! అబద్ధం ఏముంది?"

ఆయన మంచితనమే అది. ఒక నిమిషం నాకూ బాగానే అనిపించింది.

"రాసింది మేలోనే. సంతకం పెడుతున్నది ఇవాళ," అన్నాను.

అక్కడే నిలబడి ఇవాళ్టి తేదీ వేశాను. కింద ఇంకో పేరా చేత్తో రాశాను. గింజలు నేను చూశానని, ఎక్కడెక్కడ చూశానో, ఎంత మందాన ఉన్నాయో, తర్వాత కేసు నుంచి ఎందుకు తప్పుకున్నానో, పార్టీ ఇంట కాఫీ తాగిన సంగతీ. నంబరు దగ్గర అలవాటు కొద్దీ పాతది మొదలుపెట్టాను. కొట్టేసి కొత్తది వేసి, దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం పెట్టాను. ఆ నంబరు వాడటం ఇదే మొదలు.

"బొంబాయికి నా మాటగా ఒక వాక్యం కూడా రాయను," అన్నారు మేనేజరు గారు. రిపోర్టును బొంబాయి ఫైల్లో పెడుతూ, "వ్యతిరేకంగా కూడా రాయను," అన్నారు.

ఇంటికొచ్చి సూర్యకుమారికి అంతా చెప్పాను. అడగకుండానే. అది దేవుడి దగ్గరున్న లైసెన్సు వైపు చూసింది. తర్వాత, "పోతే?" అంది.

"పోతే రేవులో బస్తాలు లెక్కపెట్టడం వచ్చు."

"మరి అప్పుడు నన్నూ లెక్కల్లో కలుపుకోండి, ఇంత సేపూ ఒక్కరే ఉన్నట్టు మాట్లాడకుండా," అంది. కోపంగానే అంది. అన్నం మాత్రం వడ్డించింది.

పోదని నా నమ్మకం. ఊరికే అనడం లేదు. ఆ రిపోర్టులో నేను చూడనిది ఏదీ రాయలేదు.

జూలై 19

సోహార్ దారిలో సిమెంటు లారీ బోల్తా పడిందని పొద్దున్నే ఫోను. బొంబాయి నుంచి జవాబు వచ్చేదాకా నేను సర్వేయర్నే. గాలిలో తేమ ఎక్కువగా ఉంది, చిరిగిన బస్తాలు మధ్యాహ్నానికి గడ్డకట్టేస్తాయి. ఇప్పుడే బయలుదేరుతున్నాను.